చైనీస్ అక్షరాలు, నెమ్మది ఆడియో: తేలినదెంత, తేలనిదెంత?

చిన్నపిల్లలకు చైనీస్ చదవడం నేర్పేటప్పుడు పుస్తకంతో పాటు ఆడియో వినిపించడం ఇప్పుడు చైనాలోనే కాదు, తైవాన్, సింగపూర్, ఉత్తర అమెరికాల్లోని చైనీస్ కుటుంబాల్లోనూ మామూలైపోయింది. పేచీ వేగం దగ్గర వచ్చింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టేంత వ్యవధి ఉండేలా నెమ్మదిగా చదివి వినిపించాలన్నది ఒక వర్గం మాట. అలా సాగదీస్తే అది భాషలా ఉండదు, మామూలు మాటల వేగంతోనే వినిపించాలన్నది రెండో వర్గం మాట. వినడం వేరు, చదవడం వేరు, ఆడియోతో అక్షరాలు రావన్నది మూడో వర్గం వాదన. ముగ్గురూ పరిశోధనలనే చూపిస్తారు. అయితే ఒకరు చూపేది రెండేళ్లు నిండని పిల్లలు మాటలు గుర్తుపట్టడం గురించి, మరొకరిది మూడో తరగతి పిల్లలు ధారాళంగా చదవడం గురించి, ఇంకొకరిది చేతిరాత గురించి. ఇవన్నీ కలిసిపోవడం వల్లే చర్చ చిక్కుపడింది. వాటిని విడదీసి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

లిపిలోనే ఉన్న ఇబ్బంది

తెలుగు పిల్లలకు వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు వచ్చాక ఎన్నడూ వినని మాటనైనా కూడబలుక్కుని పైకి చదవగలరు. చైనీస్ పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. కొత్త అక్షరం ఎదురైతే దాని ఉచ్చారణ ఎవరైనా చెప్పాలి, లేదా పక్కన రాసి ఉండాలి. చైనా 2013లో ప్రకటించిన ప్రామాణిక జాబితాలో 8,105 అక్షరాలున్నాయి. అందులో మొదటి స్థాయికి చెందినవి 3,500. ప్రభుత్వ పాఠ్యప్రణాళిక ప్రకారం రెండో తరగతి ముగిసేసరికి పిల్లలు సుమారు 1,600 అక్షరాలు గుర్తుపట్టాలి, వాటిలో 800 దాకా రాయగలగాలి. ప్రాథమిక విద్య ముగిసేసరికి ఈ సంఖ్యలు 3,000కి, 2,500కి చేరాలి.

అక్షరంలో ఉచ్చారణకు ఆధారమే ఉండదని కాదు. బడి పుస్తకాల్లోని అక్షరాల్లో ఎక్కువ భాగం రెండు ముక్కల కలయిక: ఒక ముక్క అర్థాన్ని సూచిస్తుంది, ఇంకొకటి ధ్వనిని సూచిస్తుంది. అయితే షూ హువా, ఆమె సహచరులు 2003లో ప్రాథమిక పాఠశాల అక్షరాలను విశ్లేషించినప్పుడు, ఆ ధ్వని ముక్కను నమ్ముకుని సరిగ్గా చదవగలిగేవి అలాంటి అక్షరాల్లో సగం కూడా లేవని తేలింది. పైగా చదువు మొదలుపెట్టే పిల్లలకు ముందుగా ఎదురయ్యే తేలిక అక్షరాల్లో ఈ ఆధారం మరీ తక్కువ.

ఇక ధ్వని వైపు చూస్తే మరో చిక్కు. మాండరిన్‌లో టోన్లను, అంటే మాట అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలను, పక్కన పెడితే ఉన్న అక్షరధ్వనులు దాదాపు 400, టోన్లతో కలిపితే సుమారు 1,300. అక్షరాలేమో వేలల్లో ఉన్నాయి. అంటే ఒకే ధ్వనికి చాలా అక్షరాలు పోటీపడతాయి. కాబట్టి పిల్లల చెవిన పడిన శబ్దం, అదే క్షణంలో కంటికి ఎదురుగా ఉన్న అక్షరంతో ముడిపడకపోతే, ఎంత విన్నా ఆ వినికిడి చదువుగా మారదు. వేగం గురించి వాదించేవాళ్లంతా నిజానికి ఈ ముడి గురించే మాట్లాడుతున్నారు, ఆ సంగతి స్పష్టంగా చెప్పకపోయినా.

పాత బడి నుంచి టేపు దాకా

వినిపించి చదివించడం ఈనాటిది కాదు. ఆరో శతాబ్దంలో జోవ్ షింగ్‌సి కూర్చిన వెయ్యి అక్షరాల గ్రంథం, ఆ తర్వాత వచ్చిన మూడక్షరాల గ్రంథం, వందల ఏళ్లపాటు చైనా పల్లె బడుల్లో మొదటి వాచకాలు. గురువు ఒక్కో పాదం రాగయుక్తంగా, ఆగి ఆగి చెబితే పిల్లలు వల్లించేవారు. కంఠతా వచ్చాకే అక్షరాల గుర్తింపు, అర్థం. పాదాలు మూడేసి, నాలుగేసి అక్షరాలతో పొట్టిగా ఉండటం వల్ల గొంతుకు, వేలికి ఒకే నడక కుదిరేది. ఈ పద్ధతిలోని లోపం కూడా అంతే పాతది. పాఠం మొత్తం నోటికి వచ్చిన పిల్లవాడు అదే అక్షరాన్ని వేరేచోట చూస్తే తడబడేవాడు. ఈనాటి ఆడియోపై వచ్చే ముఖ్యమైన అభ్యంతరం కూడా ఇదే.

1958 ఫిబ్రవరి 11న చైనా జాతీయ ప్రజా కాంగ్రెస్ పిన్‌యిన్‌ను ఆమోదించింది. రోమన్ అక్షరాల్లో ఉచ్చారణ రాసే ఈ విధానాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడు జోవ్ యౌగ్వాంగ్. తైవాన్ మాత్రం 1918 నాటి బొపొమొఫొ అనే ఉచ్చారణ గుర్తులనే నిలుపుకుంది; ఇప్పుడవి 37. దీంతో గురువు గొంతు దగ్గర లేకపోయినా ఉచ్చారణ కాగితం మీదే దొరికే వీలు కలిగింది. సరిగ్గా అదే కాలంలో చైనా బడుల్లో రెండు ప్రయోగాలు ఎదురెదురుగా నిలిచాయి. లియావోనింగ్ రాష్ట్రంలోని హెయ్‌షాన్ బడి, ఒకేలాంటి రూపం, ధ్వని ఉన్న అక్షరాలను గుత్తులుగా చేర్చి ముందే ఎక్కువ నేర్పింది. నాన్జింగ్‌లో సి షియా అనే ఉపాధ్యాయురాలు అందుకు విరుద్ధంగా వెళ్లారు. అక్షరాన్ని మాటలో, మాటను వాక్యంలో, వాక్యాన్ని పాఠంలో ఉంచే నేర్పాలన్నది ఆమె పట్టుదల. ఈ రెండు దారుల తేడా ఆడియో చర్చలోనూ తిరిగి కనిపిస్తుంది: విడివిడి అక్షరాలుగా నెమ్మదించాలా, వాక్యం చెడకుండా నెమ్మదించాలా అన్నది అదే పేచీకి ఇప్పటి రూపం.

1982లో హెయ్‌లాంగ్‌జియాంగ్ రాష్ట్రంలో మొదలైన ప్రయోగం పిన్‌యిన్‌తోనే పిల్లల చేత ముందుగా చదివించి, రాయించి, అక్షరాలను క్రమంగా ప్రవేశపెట్టింది. 2017 శరత్కాలం నుంచి దేశమంతటా మొదటి తరగతికి వచ్చిన ఏకీకృత పాఠ్యపుస్తకం ఈ వరుసను తిప్పేసింది. ఆకాశం, భూమి, మనిషి, నువ్వు, నేను, అతను అనే ఆరు అక్షరాలతో మొదటి పాఠం, పిన్‌యిన్ ఆ తర్వాత. బడికి వచ్చిన తొలి వారాల్లో పిల్లలకు ఆ అక్షరాల ధ్వని అందేది గొంతు ద్వారానే. ఆడియోకు గిరాకీ పెరగడానికి ఈ మార్పు కూడా ఒక కారణమై ఉండవచ్చు.

నెమ్మదిగా రికార్డు చేయాలన్న ఆలోచన మాత్రం చైనాలో పుట్టింది కాదు, అమెరికాలో ఇంగ్లిష్ చదువు నుంచి వచ్చింది. 1976లో కరోల్ చామ్‌స్కీ, చదువులో వెనకబడిన మూడో తరగతి పిల్లలకు కథల టేపులు ఇచ్చి, పుస్తకం చూస్తూ ధారాళంగా చదవగలిగేదాకా పదే పదే వినమన్నారు. పిల్లలు ముందుకు కదిలారు. 1978లో మేరీ కార్బో మరో అడుగు వేశారు. బజారులో దొరికే టేపుల వేగం వెనకబడ్డ పిల్లలకు అందదని గమనించి, కథను చిన్న భాగాలుగా విడగొట్టి, పదబంధాలు చెడకుండా, నెమ్మదిగా తానే రికార్డు చేశారు. ఇక్కడ ఒక సంగతి మరచిపోకూడదు. ఆ పిల్లలకు ఇంగ్లిష్ అక్షరాలు అప్పటికే వచ్చు, రానిది ధారాళత. చైనీస్‌లో మనం అడుగుతున్నది అసలు అక్షరమే రాని నాలుగైదేళ్ల పిల్లల గురించి. అక్కడి ఫలితాన్ని ఇక్కడికి యథాతథంగా ఎత్తుకు రాలేం.

నాలుగు ఆలోచనా ధోరణులు

మొదటిది చెవిని ముందు పెడుతుంది. చైనీస్ తల్లిదండ్రుల్లో దీన్ని చెవిని సానపట్టడం అనే అర్థమున్న మాటతో పిలుస్తారు. తింటున్నా ఆడుకుంటున్నా కథలు, పాటలు వినిపిస్తూ ఉంటే మాటల నిల్వ పెరుగుతుంది, ఆపైన చదువు తేలికవుతుంది అంటారు. చదివి అర్థం చేసుకోవడానికి అక్షర గుర్తింపు, విని అర్థం చేసుకునే శక్తి రెండూ కావాలని 1986లో గఫ్, టన్మర్ ప్రతిపాదించిన నమూనా వీరికి బలం. ఈ ధోరణిలో నెమ్మదికి పెద్ద చోటు లేదు. మామూలు వేగమే మేలు. దీని బలహీనత కూడా కనిపిస్తూనే ఉంది: పుస్తకం ఎదుట లేకుండా విన్నది చదువుకు పునాది కావచ్చు గానీ, అక్షరాలు నేర్పలేదు.

రెండోది కంటిని ముందు పెడుతుంది. వేలు అక్షరం మీద ఉండాలి, గొంతు ఆ వేలిని అనుసరించాలి. నెమ్మది ఆడియోను గట్టిగా సమర్థించేది వీరే. వీరికి ఒక ఊహించని తోడు దొరికింది. 2005లో ఎవాన్స్, సెయింట్ ఆబిన్ పిల్లల కంటి కదలికలను కొలిచారు. పెద్దలు బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తుంటే చిన్నపిల్లల చూపు దాదాపు ఎప్పుడూ బొమ్మల మీదే ఉంటోందని, అచ్చు మీద పడేది చాలా అరుదని తేలింది. ఆ పిల్లలు చైనీస్ పుస్తకాలు చూసినవారు కాకపోయినా, ఆ అలవాటు భాషను బట్టి మారుతుందనుకోవడానికి ఆధారం నాకు కనిపించలేదు. చూపును అచ్చు మీదకు తెచ్చే సాధనం లేకుండా ఆడియో పెట్టడం వల్ల అక్షరాలు వస్తాయనుకోవడం ఆశ మాత్రమే.

మూడోది పిన్‌యిన్ ధోరణి. గొంతు ఎల్లకాలం వెంట ఉండదు, ఉచ్చారణను తానే తేల్చుకునే సాధనం పిల్లల చేతికివ్వాలన్నది వారి మాట. 2010లో లిన్, మెక్‌బ్రైడ్, షూ హువా తదితరులు ప్రచురించిన అధ్యయనంలో, కిండర్‌గార్టెన్‌లో పిన్‌యిన్‌ను తమకు తోచినట్టు రాయగలిగిన పిల్లలు ఏడాది తర్వాత చైనీస్ మాటలు చదవడంలో మెరుగ్గా ఉన్నారు. మరోవైపు హాంగ్‌కాంగ్ పిల్లలు ఇలాంటి ధ్వని గుర్తులేవీ లేకుండానే, చూసి చెప్పే పద్ధతిలో, కాంటనీస్ ఉచ్చారణతో చదువు నేర్చుకుంటారు. పిన్‌యిన్ తోడ్పడుతుందనడం సరైనదే, అది లేనిదే చదువు రాదనడం మాత్రం తప్పు.

నాలుగోది చేతిరాత. 2005లో తాన్ లీ హై బృందం, చైనీస్ చదవగలగడం అక్షరం రాయగలగడంతో గట్టిగా ముడిపడి ఉందని, ధ్వనిపై అవగాహన పాత్ర అంతకన్నా తక్కువని చెప్పింది. ఇదే నిజమైతే ఆడియో వేగం గురించిన చర్చే రెండో వరుసలోకి వెళుతుంది. కాకపోతే ఆ పరిశోధన బడి పిల్లల మీద జరిగింది. నాలుగేళ్ల పిల్లల వేళ్లకు రాత భారం మోయించడానికి అది సమర్థన కాలేదు.

నెమ్మది అంటే ఏది?

ఈ చర్చలో అందరూ ఒకే మాట వాడుతున్నా, నెమ్మదించే దారులు కనీసం మూడున్నాయి. వాటి ఫలితాలు ఒకటి కావు. నా దృష్టిలో వివాదంలో సగం ఇక్కడే తీరిపోతుంది.

మొదటి దారి, యంత్రంతో సాగదీయడం. ఫోన్‌లో వేగాన్ని ముప్పావుకి తగ్గించడం లాంటిది. గొంతు స్థాయి మారకపోయినా ప్రతి ధ్వనీ ఒకే నిష్పత్తిలో సాగుతుంది. మాండరిన్‌లో టోన్‌కు స్థాయితో పాటు నిడివి కూడా గుర్తే. విడిగా పలికినప్పుడు మూడో టోన్ అన్నిటికన్నా పొడుగు, నాలుగోది పొట్టి. ఇవి కాక తేలిక టోన్ ఒకటుంది, దాని ప్రాణమే పొట్టిదనం. ‘దోంగ్‌షి’ అన్న మాటలో రెండో ధ్వని తేలికగా, పొట్టిగా పలికితే వస్తువు అని అర్థం. అదే నిండుగా మొదటి టోన్‌తో పలికితే తూర్పు పడమరలు. సాగదీసిన రికార్డింగ్‌లో ఈ పొట్టిదనం మసకబారుతుంది. మాటలు తెలిసిన పిల్లలు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. చైనీస్ వినబడని ఇంట్లో పెరిగేవారికి ఆ సర్దుబాటు కుదరదు.

రెండో దారి, అక్షరం తర్వాత అక్షరంగా ఆగి చదవడం. వేలితో చూపించడానికి ఇంతకన్నా అనువైనది లేదు. కానీ మాండరిన్‌లో పక్క ధ్వనిని బట్టి టోన్ మారుతుంది. పలకరింపు మాట ‘నీ హావ్’లో రెండూ మూడో టోన్లే, కలిపి అన్నప్పుడు మొదటిది రెండో టోన్‌గా మారుతుంది. ‘కాదు’ అనే అర్థమిచ్చే ‘బు’, ‘ఒకటి’ అనే ‘యి’ కూడా తర్వాత వచ్చేదాన్ని బట్టి రూపం మార్చుకుంటాయి. విడివిడిగా చదివితే ఈ మార్పులన్నీ పోతాయి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. చైనీస్ రాతలో మాటల మధ్య ఖాళీలుండవు. ఏ రెండు అక్షరాలు కలిసి ఒక మాటో చెప్పేది చదివేవారి గొంతులోని కూర్పే. ద్రాక్ష వంటి మాటల్లో ఉన్న రెండక్షరాలు విడివిడిగా ఏ అర్థాన్నీ ఇవ్వవు. పిల్లలకు అత్యవసరమైన ఈ సాయాన్నే విడివిడి పఠనం తీసేస్తుంది.

మూడో దారి, పదబంధాల మధ్య విరామమిస్తూ, బంధం లోపల సహజ ఉచ్చారణను ఉంచి కొద్దిగా నిదానించడం. మేరీ కార్బో చేసింది ఇదే. పసిపిల్లలతో తల్లులు మాట్లాడే తీరూ దీనికి దగ్గరే. 2007లో లియు, త్సావ్, కూల్ చేసిన కొలతల్లో, మాండరిన్ తల్లులు పసిపిల్లలతో మాట్లాడేటప్పుడు టోన్లను మరింత స్పష్టం చేస్తున్నారే తప్ప చెరిపేయడం లేదని తేలింది. 2010లో ఇంగ్లిష్ పిల్లలపై జరిగిన ప్రయోగంలో, మాట నిదానించడం 19 నెలల పిల్లలకు పదాలు గుర్తుపట్టడంలో తోడ్పడింది. రెండూ వినడానికి సంబంధించినవే, చదవడానికి కావు. అయినా మనిషి గొంతు సహజంగా నిదానించడం వినికిడికి హాని చేయదని మాత్రం చెప్పవచ్చు.

కంటి వైపు లెక్క కూడా చూడాలి. మామూలు మాండరిన్ సంభాషణలో సెకనుకు నాలుగైదు ధ్వనులు దాటిపోతాయి. అంటే ఒక్కో అక్షరానికి దక్కేది సెకనులో నాలుగో వంతు లేదా అంతకన్నా తక్కువ. చైనీస్ బాగా వచ్చిన పెద్దవాళ్ల చూపు ఒకచోట నిలిచే సమయం కూడా దాదాపు అంతే. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లల చూపు, వేలు ఆ వేగాన్ని అందుకోలేవు. కాబట్టి తొలి దశలో ఏదో ఒక రకమైన నెమ్మది తప్పదన్న వాదన బలమైనదే. అది మూడో దారిలో రావాలి, అంతే.

మితిమీరిన ఆశలు

నెమ్మదించిన ధ్వనికి ఒక హెచ్చరిక చరిత్ర ఉంది. 1996లో టల్లల్, మెర్జెనిచ్ బృందాలు, భాషలో వెనకబడిన పిల్లలకు కంప్యూటర్ ద్వారా సాగదీసి, కొన్ని ధ్వనులను పెంచిన మాటలు వినిపించి మంచి ఫలితాలు చూపాయి. దాని ఆధారంగా ఫాస్ట్ ఫర్‌వర్డ్ అనే కార్యక్రమం అమెరికా బడుల్లోకి విస్తృతంగా వెళ్లింది. 2011లో జరిగిన క్రమబద్ధ సమీక్ష, చదవడంలో గానీ మాటలో గానీ అది మేలు చేస్తుందనడానికి ఆధారం లేదని తేల్చింది. తొలి ఫలితం ఉత్సాహంగా ఉన్నంత మాత్రాన బడికంతా పులమకూడదనడానికి ఇది గట్టి సాక్ష్యం.

రెండో హెచ్చరిక కూల్ బృందం 2003లో ఇచ్చింది. తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లలకు మాండరిన్ మాట్లాడే మనుషులు పన్నెండు సార్లు ఎదురుగా కూర్చుని కథలు చెప్పి ఆడుకుంటే వారికి ఆ భాష ధ్వనుల తేడాలు పట్టుబడ్డాయి. అవే వీడియోగానో ఆడియోగానో వినిపిస్తే పట్టుబడలేదు. దీన్ని నాలుగైదేళ్ల పిల్లల చదువుకు సూటిగా అన్వయించడం అతి అవుతుంది. హాంగ్‌కాంగ్‌లో చౌ, మెక్‌బ్రైడ్ తదితరుల 2008 అధ్యయనం వయసు రీత్యా దగ్గరిది. తల్లిదండ్రులు పుస్తకం చదువుతూ ప్రశ్నలడిగితే పిల్లల మాటల నిల్వ పెరిగింది. అక్షరాలు కలిసి మాట ఎలా అవుతుందో కూడా ఆటగా చూపినప్పుడు అక్షరాల గుర్తింపూ మెరుగైంది. ఆడియో పెట్టి పక్కకు తప్పుకోవడానికి ఈ రెండింటిలో దేని మద్దతూ లేదు.

మన దేశంలో జరిగిన పని ఒకటి ఇక్కడ ప్రస్తావించాలి. అహ్మదాబాద్ ఐఐఎంకు చెందిన బ్రిజ్ కొఠారి 1990ల చివర్లో టీవీ సినిమా పాటల కింద అదే భాషలో పాట పంక్తులు వేసి, గొంతుతో పాటు అక్షరం రంగు మారేలా చేశారు. పాట సహజంగా నిదానం, పదే పదే వచ్చేది, ముందే తెలిసినది. కొద్దోగొప్పో అక్షరం వచ్చినవారి చదువు దీనివల్ల మెరుగైంది. చైనీస్‌కు దీన్ని అన్వయించేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: మాండరిన్ పాటల్లో బాణీ టోన్‌ను మింగేస్తుంది. పాట కంటికి పనికొస్తుంది గానీ టోన్ నేర్పదు.

ఎవరికి ఎంత?

చైనాలో మాండరిన్ మాట్లాడుతూ పెరిగే నాలుగైదేళ్ల పిల్లలకు మాట సిద్ధంగా ఉంది, లేనిది అక్షరం. వీరికి నెమ్మది ఆడియో కొద్దికాలం చాలు, అది కూడా వేలితో చూపించేటప్పుడే. పైగా కిండర్‌గార్టెన్‌లో బడి పాఠాలు చెప్పడాన్ని అక్కడి ప్రభుత్వమే వద్దంటోంది. 2018లో దీనిపై ఆదేశాలు వచ్చాయి, 2025 జూన్ 1 నుంచి అమలైన ప్రీస్కూల్ విద్యా చట్టంలోనూ ఈ నిషేధం ఉంది. దాంతో ఈ నేర్పు బడి నుంచి ఇంటికి, ఇంట్లో అప్లికేషన్ల చేతికి వెళ్లిపోయింది.

సింగపూర్‌లో, అమెరికాలో, కెనడాలో పెరిగే చైనీస్ సంతతి పిల్లల సంగతి వేరు. సింగపూర్ 2020 జనగణనలో ఇంట్లో ఎక్కువగా మాట్లాడే భాషగా ఇంగ్లిష్ 48.3 శాతంతో ముందుంది. ఈ పిల్లలకు మాట, అక్షరం రెండూ ఒకేసారి రావాలి. వీరికి రెండు రకాల ఆడియో అవసరం. అర్థం కోసం, ఆనందం కోసం మామూలు వేగంతో ఒకటి, చదవడం కోసం పదబంధాల నెమ్మదితో మరొకటి. ఈ రెండు పనులనూ ఒకే రికార్డింగ్‌తో చేయించాలనుకోవడం వల్లే చాలా కుటుంబాలు విసిగిపోతున్నాయని నా అభిప్రాయం. తల్లిదండ్రులకు చైనీస్ రాని ఇళ్లలో ఆడియో ఒక్కటే ఉచ్చారణకు దిక్కు. అక్కడ సాగదీసిన గొంతు చేసే హాని అన్నిచోట్లకన్నా ఎక్కువ.

హాంగ్‌కాంగ్ పిల్లల చిక్కు వేగానిది కాదు. వాళ్లు మాట్లాడే కాంటనీస్ ఒకటి, చదివే ప్రామాణిక రాత మరొకటి.

ఇంకా తేలనివి

ఒకే కథను, ఒకే వయసు పిల్లలకు, మూడు రకాల నెమ్మదితోనూ మామూలు వేగంతోనూ వినిపించి, ఆ అక్షరాలను కథ బయట చూపించి పరీక్షించే పోలిక ఈ రంగానికి అత్యవసరం. కథ బయట అన్నది ముఖ్యం. పుస్తకంలో తడబడకుండా చదివిన పిల్లలు గుర్తుపట్టి చదివారో, కంఠస్థం చెప్పారో తేలేది అక్కడే. నెమ్మదిని ఎప్పుడు తగ్గించాలన్నది రెండో ప్రశ్న. చామ్‌స్కీ పిల్లలకు ధారాళంగా చదవడమే గీటురాయి. చైనీస్ ప్రారంభకులకు అలాంటి స్థిరమైన గీటురాయి నాకు కనిపించలేదు. తెర మీద రంగు మారే అక్షరమా, కాగితం మీద వేలా అన్నది మూడోది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది కాబట్టి, ఫలితాలు సమానమైతే కాగితానికే మొగ్గాలి.

ఉన్న ఆధారాలను బట్టి నా తీర్పు ఇది: చైనీస్ నేర్చుకునే చిన్నపిల్లల చదువుకు నెమ్మది ఆడియో పనికొస్తుంది, కానీ పదబంధం చెడనప్పుడు, వేలు అక్షరం మీద ఉన్నప్పుడు, పక్కన ఒక మనిషి ఉన్నప్పుడు మాత్రమే. ఈ ఆడియోలు తయారుచేసేవారు తమ రికార్డింగ్ నిమిషానికి ఎన్ని అక్షరాల వేగంతో సాగుతుందో, మనిషి నిదానంగా చదివినదో యంత్రం సాగదీసినదో, విరామం అక్షరం తర్వాతా పదబంధం తర్వాతా అన్నది అట్ట మీద ముద్రించాలి. కొనే తల్లిదండ్రులు ఆ మూడు వివరాలూ అడగాలి.